రాజుగారి కారు ఎందుకు కరకరలాడింది?

అనగా అనగా, జంతువులే బండ్లు నడుపుకునే కాలంలో, నల్లకొండ అడవిని వజ్రకేసరి అనే సింహం ఏలేది. ఆ రాజుగారికో కారు. దాన్ని నడిపేది జవ్వాజి అనే ఆడగుర్రం. వాళ్ళమ్మ రథం లాగింది, జవ్వాజి స్టీరింగు పట్టింది.

ఆ అడవిలో ఒక ఆచారముంది. రాజు పాదం ఆనే చోటల్లా తివాచీ ఉండాలి. పరిచాక దాన్ని రాజు తప్ప ఇంకెవరూ కదపకూడదు. రాజుగారు ముందు సీట్లో కూర్చుంటారని, పండగనాడు నక్కమంత్రి కారులో ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా దళసరి తివాచీ పరిచాడు. రాజు మురిసిపోయాడు.

పండగ వెళ్ళింది, కారు మొండికేసింది. జవ్వాజి క్లచ్ తొక్కి గేరు మార్చబోతే చాలు, కరకరమని పళ్ళు నూరేది. దారి పక్కన నెమళ్ళు మూతులు తిప్పుకుని నవ్వాయి. రాజుగారికి తల కొట్టేసినట్టయింది.

"రేపు కొండమీద సభ. చుట్టుపక్కల రాజులంతా వస్తారు. వాళ్ళ ముందు ఈ మోత మోగిందా, నిన్ను గానుగకు కట్టిస్తాను," అన్నాడు.

గానుగకు కడితే ఇక కొండా లేదు, దారీ లేదు. తిరిగిన చోటే తిరగడం.

"గేరుబాక్సు పోయింది ప్రభూ. ఈవిడే అరగదీసింది," అన్నాడు నక్కమంత్రి.

మెకానిక్ అయిన ఎలుగుబంటి భల్లయ్య గెడ్డం గోక్కున్నాడు. "కాదు, క్లచ్ ప్లేటు అరిగిపోయింది. ఇంజను దించాల్సిందే."

"దించే ముందు కారునే ఒకమాట అడిగి చూద్దాం మామా," అంది జవ్వాజి నెమ్మదిగా.

"అడుగమ్మా. నీతో మాట్లాడుతుందేమో," అని నవ్వాడు మంత్రి.

జవ్వాజి ఇంజను ఆపి గేర్లు మార్చింది. వెన్నలో కత్తి దిగినట్టు దిగాయి. "గేరుబాక్సు పాడైతే ఇప్పుడు కూడా ఇబ్బంది పెట్టేదే కదా మామా?"

భల్లయ్య ఊఁ కొట్టాడు.

హ్యాండుబ్రేకు గట్టిగా లాగింది. పై గేరులో ఉంచి, క్లచ్ తొక్కి స్టార్టు చేసింది. కాలు తీసింది. ఇంజను టక్కున ఆగిపోయింది.

"ప్లేటు అరిగి జారుతుంటే ఇంజను మోగుతూనే ఉండేది," అన్నాడు భల్లయ్య, తన మాట తనే వెనక్కి తీసుకుంటూ. "బాగానే పట్టుకుంటోంది. మరి వదలడం లేదా?"

జవ్వాజి వంగి క్లచ్ పెడల్ నొక్కింది. చివరిదాకా దిగాల్సిన పెడల్ మధ్యలోనే ఆగింది. కింద మెత్తగా ఏదో అడ్డు తగిలింది.

అదేమిటో కళ్ళముందే ఉంది. చెబితే రాజుగారి ముచ్చటను తప్పుపట్టినట్టు. చెప్పకపోతే గానుగ. జవ్వాజి రాజుగారి వైపు తిరిగింది.

"ప్రభూ, కారుకు ఏ జబ్బూ లేదు. మీ తివాచీ పెడల్‌కు అడ్డం పడుతోంది. పూర్తిగా దిగకపోతే క్లచ్ విడవదు, విడవకపోతే గేరు అరుస్తుంది. దాన్ని మీరే తియ్యాలి."

"రాజుగారి తివాచీనే తప్పుపడుతుందా," అని మంత్రి గొణిగాడు. రాజు అతని వంక చూశాడు, జవ్వాజి వంక చూశాడు. తర్వాత తనే వంగి, తివాచీ కొస నోట కరుచుకుని ఒక్క లాగు లాగాడు.

మర్నాడు కారు కొండెక్కింది. ఒకటో గేరు, రెండో గేరు, మలుపులో మళ్ళీ ఒకటి. చప్పుడంటే గాలి చప్పుడే. పైన రాజులంతా లేచి నిలబడి చూశారు.

"ఎవరు బాగుచేశారు?" అన్నాడొక ముసలి పులిరాజు.

"నా జవ్వాజి," అన్నాడు వజ్రకేసరి. "గానుగకు కడతానన్నా నిజమే చెప్పింది. ఇకమీద నా బళ్ళన్నిటికీ ఆమె మాటే మాట."

నెమళ్ళు ఈసారి పురి విప్పాయి. వెనకాల దుమ్ములో, రాజుగారి ఆజ్ఞ మేరకు తివాచీ నెత్తిన పెట్టుకుని, రొప్పుతూ నడిచొచ్చాడు నక్కమంత్రి.

కాబట్టి పిల్లలూ, లోపం ఎక్కడుందో ఓపికగా వెతకాలి, దొరికాక అది రాజుగారి కాలికింద ఉన్నా ధైర్యంగా చెప్పాలి.