జట్ల మార్పిడి

కుమ్మరి పోలయ్య కొత్తగా చెడుగుడు జట్టు పెట్టాడు. జనమంతా అటే ఎగబడ్డారు. మూడు తరాలుగా జట్టు నడుపుతున్న దళవాయి వీరపనాయుడికి ఒళ్లు మండి, ఆ కొత్త జట్టును మూయించమని రాజును కోరాడు.

రాజు పిలిపిస్తే పోలయ్య వచ్చాడు. "ప్రభూ, నెల్లాళ్లు మా జట్లు ఒకరివి ఒకరికి మార్పించండి. అప్పుడూ జనం నా దగ్గరికే వస్తే నన్ను ఆడనివ్వండి" అన్నాడు. నాయుడు మీసం దువ్వుతూ ఒప్పుకున్నాడు.

నెల తిరిగేసరికి పోలయ్య దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. నాయుడి మైదానంలో కాకి కూడా వాలలేదు.

"ఏం మంత్రం వేశావురా?" అన్నాడు రాజు.

"మంత్రమేం లేదు ప్రభూ. నాయుడుగారు ఆటకు ముందు తాతముత్తాతల బిరుదులన్నీ మిట్టమధ్యాహ్నం దాకా చదివిస్తారు. నేను పొద్దున్నే ఆట మొదలుపెడతాను."

"మరి మా బిరుదులు ఎప్పుడు చదవాలి?" అని గర్జించాడు నాయుడు.

"ఆటయ్యాక చదివించండి దొరా. ఉండేవాళ్లు ఉంటారు."