నీళ్ల పోలమ్మ సాక్ష్యం

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, రేగడికొండ అనే కోట ఉండేది. ఆ కోట సైన్యానికి తోలుతిత్తిలో నీళ్లు మోసేది పోలమ్మ. ఎండైనా మోసేది, వానైనా మోసేది, నెత్తిమీద బాణాలు ఎగురుతున్నా మోసేది.

ఒకసారి శత్రువులు వచ్చిపడ్డారు. మూడు రోజులు యుద్ధం జరిగింది. రేగడికొండే గెలిచింది. కానీ పోలమ్మ ఒక్కగానొక్క కొడుకు బైరాగి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. "పారిపోయాడు" అని లేఖరి సైన్యం పేర్ల పట్టీలో రాసి పారేశాడు. రాసేవాడికేం, చేతిలో గంటం ఉంది! ఎదురొచ్చినవాళ్లు పోలమ్మను చూసి మొహం తిప్పుకున్నారు. ఆ తల్లి గుండె చెరువైంది.

ఆ కోటలో ఒక ఆచారం ఉంది. వీరపతకం ఇచ్చేముందు రాజు "చూసిందెవరు?" అని అడుగుతాడు. రణరంగంలో కళ్లారా చూసినవాడు లేచి "నేను చూశాను" అనాలి. సాక్షి లేనిదే పతకం లేదు.

పతకాల రోజు వచ్చింది. పిలవాల్సిన పేర్లన్నీ అయిపోయాక పోలమ్మ ముందుకొచ్చింది.

"దొరా, నా కొడుక్కీ పతకం ఇయ్యాల."

"చూసిందెవరమ్మా?"

"నేనే చూశా. ఉత్తరపు వాగు కాడ ఒక్కడే పదిమందిని ఆపాడు. నేను పోసిన నీళ్లు తాగి మళ్లీ కత్తెత్తాడు. ఆ పదిమందితోపాటే వరదలో కొట్టుకుపోయాడు."

లేఖరి పకపకా నవ్వాడు. "ప్రభూ, పట్టీలో ఈమె పేరే లేదు. నీళ్లు మోసే మనిషికి యుద్ధంలో ఏం పని? అసలు ఈమెను అక్కడ చూసిందెవరు?"

పోలమ్మ సైన్యం వైపు తిరిగింది.

అప్పుడొక రౌతు లేచాడు. "నేను చూశాను. గుర్రం మీంచి పడితే నా నోట్లో నీళ్లు పోసింది."

ఒక విలుకాడు లేచాడు. "నేను చూశాను. భుజాన బాణం దిగినా తిత్తి దించలేదు."

కుంటుకుంటూ ఒక ముసలి బంటు లేచాడు. "నేను చూశాను. వాగుదాకా పోవద్దక్కా అన్నాను. బిడ్డ దప్పికతో ఉన్నాడని పోయింది."

ఇంకేముంది! సైన్యం సైన్యమంతా లేచింది.

"మేం చూశాం! మేం చూశాం! మేం చూశాం!"

కోట దద్దరిల్లిపోయింది.

రాజు గద్దె దిగి వచ్చి బైరాగి పతకాన్ని పోలమ్మ చేతుల్లో పెట్టాడు. "నా బిడ్డ పారిపోలేదు! నా బిడ్డ గెలిచాడు!" అంటూ ఆమె అందరికీ చూపించింది. ఏడుస్తూనే నవ్వింది. రాజు ఆ లేఖరి చేతే పట్టీలో మొట్టమొదటి పేరుగా పోలమ్మ పేరు రాయించాడు.

ఏళ్లు గడిచాయి. పోలమ్మ నిండు ముసలితనంలో కన్నుమూసింది. పోయినవాళ్ల పేరు కొట్టెయ్యడం పద్ధతి కాబట్టి కొత్త లేఖరి గంటం తీశాడు. సైన్యం ఆ పేరు కొట్టనివ్వలేదు.

ఇప్పటికీ ఆ సీమలో ఎవరికి ఏ పతకం ఇచ్చినా ముందుగా పట్టీలోని ఆ మొదటి పేరు "నీళ్ల పోలమ్మ!" అని పిలుస్తారు. పిల్లాజెల్లా, ముసలీముతకా లేచి నిలబడి ఒక్క గొంతుతో అంటారు:

"ఇక్కడే ఉంది!"