రేంజరమ్మ పిడికిలి

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. మనం ఉంటున్న ఈ చోట దీన్ని చెప్పేవాళ్లు లేరు. మా నాన్న నాకు మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ ఒకేలా చెప్పలేదు. నేను ఒక్కసారే, జాగ్రత్తగా చెబుతాను. ఇందులో ఒక రివాల్వర్ ఉంది. నేను చెప్పేంతసేపూ అది ఖాళీదే. ఎక్కడా పేలదు. ఆ సంగతి ముందే చెబితే మీరు భయపడకుండా వింటారు, నేనూ భయపడకుండా చెబుతాను.

నల్లమల అడవి మొదలయ్యే చోట ఒక చిన్న దర్గా ఉండేది. దాని పక్కనే పెంకుల గదిలో ఖాసీంపీరా అనే ముసలాయన తుపాకులు బాగుచేసేవాడు. సర్కారు ఇచ్చిన లైసెన్సు, అద్దం బిగించి గోడకి తగిలించి ఉండేది. పొద్దున్నే సాంబ్రాణి వేసి, ఆ పొగ పైకప్పులోని అద్దం పెంకు దాకా లేచి వెలుగులో కలిసిపోయేవరకూ చూస్తూ కూర్చునేవాడు. ఆ తర్వాతే ఆకురాయి పట్టేవాడు.

ఆయన శిష్యుడు వన్నూరు. పెళ్లయింది, మీసాల్లో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. పదకొండేళ్లుగా అక్కడే పని. ఆ దుకాణంలో పూర్తయిన ప్రతి పనికీ పిడి లోపల, ఎవరికీ కనబడని చోట, ఒక గుర్తు కొట్టేవారు. ఖాసీంపీరాది నెలవంక. వన్నూరు తనకోసం పావురం గుర్తున్న ఉక్కు అచ్చు చేయించుకుని, రెండేళ్లుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

"ఉస్తాద్, ఇంకా నా పని మీద మీ నెలవంకే కొడతాండా," అన్నాడు ఒకరోజు. "నా పావురం ఎప్పుడు ఎగిరేది?"

"రెక్కలు వచ్చినాయేమో చూద్దాంలే. ఈసారి వచ్చే పని నువ్వే చెయ్యి. నేను ముట్టను."

మర్నాడు సన్నటి వానలో సువార్త అనే రేంజర్ వచ్చింది. అడవి శాఖలో ఆమె చేరి ఆరేళ్లు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. గుడ్డలో చుట్టిన తన సొంత రివాల్వర్ బల్ల మీద పెట్టింది. వన్నూరు దాన్ని విప్పి, తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని తను చూసి, ఉస్తాద్‌కి చూపించి, వెలుగుకేసి పట్టి మళ్లీ చూశాడు. మా నాన్న ఈ ముక్క మూడుసార్లూ చెప్పాడు.

"కూచో బిడ్డా. టీ వస్తాంది," అన్నాడు ఖాసీంపీరా. కిటికీ గట్టు మీది తేనెమైనం ముద్ద తీసి, అరచేతుల మధ్య కాసేపు వెచ్చజేసి, ఆమె కుడిచేతిలో పెట్టాడు. "అందాకా దీన్ని పట్టుకో. రివాల్వర్ పట్టుకున్నట్టే పట్టుకో."

"ఎందుకు తాతా?"

"చలిగా ఉంది కదా."

ఆమె నవ్వింది. ముద్ద పట్టుకుని, వాన చూస్తూ సంగతి చెప్పింది. పోయిన ఏడు వాగు దగ్గర టేకు దొంగలు ఎదురుపడ్డారు. ఆమె గాల్లోకి పేల్చి బెదిరించాలనుకుంది. ట్రిగ్గర్ ఒక పట్టాన కదల్లేదు. ఈలోగా గొడ్డలి వచ్చి మంతన్న భుజం మీద పడింది.

"మంతన్న మా వాచర్. చెంచాయన. దేవుడి దయ, బతికినాడు," అంది. "ఇప్పుడూ నా ముందే నడుస్తాడు. వెనక రమ్మంటే, 'నీకు దోవ తెలుసా తల్లీ?' అంటాడు. ఈసారి నాకు ఆలస్యం కాకూడదు. ఏం చేస్తారో చెయ్యండి."

వన్నూరు కళ్లు మెరిశాయి. "ట్రిగ్గర్ ఈక తగిలితే కదిలేట్టు చేస్తా మేడం. ఈ పిడి తీసేసి ఇరుగుడు మాను చేవతో నిండుగా కొత్తది. గొట్టం చివర ఇత్తడి చుక్క, మసక వెలుతుర్లో గురి కనబడేదానికి. కింద కడియం, తాడు కట్టుకుంటే వానలో జారినా పడదు. ఒళ్లంతా అద్దం మాదిరి మెరుగు."

"పెండ్లికొడుకును చేస్తాండావు," అన్నాడు ఖాసీంపీరా.

టీ వచ్చింది. ఆయన ఆమె చేతిలోంచి మైనం నెమ్మదిగా తీసుకుని, తడిగుడ్డలో చుట్టి గట్టు మీద పెట్టేశాడు. ఉస్తాద్‌కి చాదస్తం ముదిరిందని వన్నూరు లోలోపల నవ్వుకున్నాడు.

పన్నెండు రోజులు పని సాగింది. ఆ రోజుల్లో వాన ఆగిందో కురిసిందో వన్నూరుకి తెలియదట. ఇరుగుడు పొట్టు ఊదారంగు పొగలా గదిలో తేలేది. దర్గా పావురాలు గూళ్లలో గొణిగేవి. పగలు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయేదో అద్దం పెంకు ఒక్కటే చెప్పేది. పిడి చెక్కి, తన చేత్తో పట్టి చూసుకుని, మళ్లీ చెక్కేవాడు. తన వేలు పెట్టి నొక్కి చూసుకుని, పాత స్ప్రింగ్ డబ్బాలో పడేసి, సన్నటిది వేశాడు.

పదమూడో రోజు పొద్దున దాన్ని ఉస్తాద్ ముందు పెట్టాడు. ఎడమ పిడికిట్లో పావురం అచ్చు ఉంది.

ఖాసీంపీరా అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుంది. నీ చేతిలో ఎట్లుంది?"

"ఈ చేతిలోనే మొలిచినట్టుంది ఉస్తాద్."

"ట్రిగ్గరు?"

వన్నూరు ఇసుక బస్తాకేసి తిప్పి, వేలు ఆనించాడు. టిక్కుమంది. "చూసినారా! నేను అనుకునేలోపలే పడిపోయింది."

ముసలాయన లేచాడు. గట్టు మీది తడిగుడ్డ విప్పి, మైనం ముద్ద తెచ్చి శిష్యుడి కుడిచేతిలో పెట్టాడు.

వన్నూరు పిడికిలి బిగించబోయాడు. వేళ్లు అందులోని పల్లాల్లో కూర్చోలేదు. పల్లాలు పొట్టివి, సన్నవి. అది చిన్న చెయ్యి. తాను చెక్కిన నిండు పిడి పట్టుకుంటే ఆ చేతి చూపుడువేలు ట్రిగ్గర్‌ని కొసతో తాకుతుంది, అంతే. పాత పిడి కూడా లావుదేనని అప్పుడు గుర్తొచ్చింది.

ముద్దని అద్దం పెంకు కిందికి తీసుకెళ్లాడు. మూడు వేళ్లు తలా ఒక పల్లం వదిలాయి. చూపుడువేలు ఉన్నచోట మాత్రం ఒకటి కాదు. పక్కపక్కనే సన్నటి గీతలు, నీళ్లలో రాయి పడ్డాక లేచే అలల్లాగా, ఎన్నో. తడిగుడ్డ ముడతలేమో అనుకున్నాడు. గోటితో తడిమి చూశాడు. గుడ్డ ముడతలు కావు, వేలు మాటిమాటికీ వణికిన గుర్తులు.

"ఉస్తాద్, ఇది..."

"మంతన్న పేరు వచ్చినప్పుడల్లా," అన్నాడు ఖాసీంపీరా.

వన్నూరు బల్ల దగ్గరికి వచ్చాడు. రివాల్వర్ ఖాళీదే అయినా దాని మూతిని మెల్లగా గోడవైపు తిప్పి పెట్టాడు.

"ఆయన ముందర నడుస్తాడు కదా ఉస్తాద్," అన్నాడు.

ముసలాయన జొన్నల డబ్బా తీసుకుని పావురాల దగ్గరికి వెళ్లిపోయాడు.

వన్నూరు తుక్కు డబ్బా వెదికి పాత స్ప్రింగ్ తీశాడు. తుడిచి, ఎక్కడిది అక్కడ బిగించాడు. ట్రిగ్గర్ లోపల గరుకు ఉన్నచోట నున్నగా రుద్దాడు, బరువు మాత్రం తగ్గించలేదు. ఇరుగుడు పిడిని మైనం పక్కన పెట్టుకుని, ఆ చిన్న చెయ్యి సరిపోయేదాకా ఆకురాయి పట్టాడు. అద్దంలాంటి మెరుగు అడవిలో ఎండకి ఎంత దూరానికి కనబడుతుందో తలచుకుని, దాన్ని మసకబార్చాడు. ఇత్తడి చుక్క, కింద కడియం ఉంచాడు. ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. చూసినవాళ్లకి అది పాత రివాల్వర్‌లాగే ఉంది.

సువార్త వచ్చిన రోజు మంచు కురుస్తోందని మా నాన్న చెప్పాడు. వానాకాలం వెళ్లకుండానే మంచేమిటని అడిగితే, "అడవి పక్కన అంతే," అన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

"కళ్లు మూసుకుని ఆ బస్తాకి గురిపెట్టండి మేడం," అన్నాడు వన్నూరు. ఆమె పెట్టింది. "ఇప్పుడు తెరవండి."

తెరిచింది. ఇత్తడి చుక్క సరిగ్గా ఆమె అనుకున్నచోట ఉంది.

"వేలు అందుతోందే!" అంది. తర్వాత నొక్కి చూసింది. "ఈక తగిలితే కదుల్తుందన్నావు?"

"అట్ల చెయ్యలేదు మేడం. మీరు నొక్కాల. నొక్కితేనే కదుల్తుంది."

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. రివాల్వర్ బల్ల మీద పెట్టి, కుడిచేతిని రైన్‌కోటు జేబులోకి పోనిచ్చింది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడం."

అది అబద్ధం కాదు, చెప్పింది మైనం.

ఆమె కాసేపటికి జేబులోంచి చెయ్యి తీసి, రివాల్వర్‌ని గుడ్డలో చుట్టుకుని వెళ్లింది. గుమ్మంలోంచి చూస్తే మంచులో ఇద్దరు నడుస్తున్నారు. ముందున్న మనిషికి ఒక భుజం కాస్త కిందికి వంగి ఉంది. వెనకున్నామె ఏదో అంది. అతను తిరక్కుండానే నవ్వాడు. ముందు అతను కరిగిపోయాడు, తర్వాత ఆమె.

అప్పుడు వన్నూరు ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు.

"ఉస్తాద్! గుర్తు కొట్టడం మర్చిపోతిని."

"మర్చిపోతివా?" అన్నాడు ఖాసీంపీరా. ముసలాయన ముఖం వెలిగిపోయింది. "అయితే పోయి మనిద్దరికీ టీ చెప్పు."

వన్నూరు గడప దాటేలోపల వెనక్కి తిరిగి చూశాడు. ఉస్తాద్ గట్టు మీది మైనం ముద్ద తీసి, కుంపటి మీది గిన్నెలో వేస్తున్నాడు. చిన్న చేతి పల్లాలు, సన్నటి అలలు, ఇంకెవరి కంటా పడకుండా నెమ్మదిగా నూనెలా అయిపోయాయి.

పిల్లలూ, ఇంతే. మీ పిల్లలకి కూడా చెప్పండి. అడవి పేరు మర్చిపోతే మర్చిపోండి, మంచు నమ్మకపోతే తీసేయండి. మైనం కరిగించిన సంగతి మాత్రం వదలొద్దు. ఇంకొక్కటి, మొదలుపెట్టే ముందు రివాల్వర్ ఖాళీదని చెప్పండి.