మంగాయమ్మ ఊపిరి

డాక్టర్ హిమజకు కన్ను చురుకు, నోరు అంతకంటే చురుకు. ఎమ్మారై బొమ్మ తెర మీద పూర్తిగా పడకముందే జబ్బు పేరు చెప్పేసేది. పదింట తొమ్మిదిసార్లు ఆ మాటే నిజమయ్యేది కూడా. ఆ తొమ్మిదే ఆమె కొంప ముంచాయి.

ఆ రోజు మిషన్లో పడుకున్నది మంగాయమ్మ. గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయల ముచ్చికలు తీసే మనిషి. లివర్లో నిమ్మకాయంత మచ్చ ఉందని పొట్ట స్కానింగులో కనబడింది. అది ఊరికే పడి ఉండే మచ్చా, క్యాన్సరా తేల్చమని ఇక్కడికి పంపారు.

నరంలోకి మందు ఎక్కించాక తీసిన మొదటి బొమ్మలో మచ్చ అంచులు తెల్లగా మెరిశాయి, నడుమ నల్లగా ఉంది. తర్వాతి బొమ్మలకు ఇంకా నాలుగు నిమిషాలుంది. చేతికున్న సూది సరిచేద్దామని హిమజ లోపలికి వెళ్తే మంగాయమ్మ అడిగింది.

"ఏముందమ్మా?"

"గడ్డ. క్యాన్సర్ లాగే ఉంది. కదలకుండా పడుకోమ్మా."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా! మంగాయమ్మ ఏడుపు అందుకుంది. ఇక ఊపిరి బిగబట్టమంటే ఎక్కడ బిగబడుతుంది? వెక్కిళ్ళకు పొట్ట ఎగిరెగిరి పడుతుంటే బొమ్మ అలుక్కుపోయింది. మళ్ళీ తీశారు, మళ్ళీ అంతే. ఒంట్లోకి ఎక్కించిన మందేమో పలచబడిపోతోంది. ఈ కాస్త వేళలో బొమ్మ తేటగా రాకపోతే లివర్లోకి సూది గుచ్చి ముక్క తీయాలి. రక్తనాళాల మచ్చయితే ఆ సూదే ప్రాణం మీదికి తేవచ్చు.

హిమజ పరుగెత్తింది. పక్కగదిలో ఉన్న పెద్ద డాక్టరు ఇమ్మానుయేలు గారిని పిలుచుకొచ్చింది. ఆయన తెర వంక చూశారు. తర్వాత ఆమె వంక చూశారు.

"ఏమన్నావమ్మా ఆవిడతో?"

చెప్పింది. తిడతారనుకుంది. మిషనులోని అయస్కాంతం లాగేస్తుందని ఆయన వాచీ, తాళాలు, కళ్ళజోడు, ఆఖరికి బెల్టు కూడా తీసి ఆమె చేతిలో పెట్టి, ప్యాంటు జారకుండా ఓ చేత్తో పట్టుకుని మిషను గదిలోకి నడిచారు. అక్కడి మాటలు మైకులో హిమజకు వినబడుతూనే ఉన్నాయి.

"మంగాయమ్మా, మా పిల్ల తొందరపడింది. మాకింకా ఏమీ తెలీదు. నువ్వు సాయం చేస్తేనే తెలిసేది. యార్డులో మిర్చి బస్తా విప్పి గుమ్మరిస్తుంటే ఏం చేస్తావు?"

"ఘాటుకి ఊపిరి బిగబడతానయ్యా."

"అదే చెయ్యి. నేను కాలు నొక్కితే బిగబట్టు. వదిలేస్తే వదులు."

"అయ్యయ్యో, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి బాబూ!"

"మిగతా నువ్వంతా మిషన్లో ఉన్నావు. నాకు దొరికినవి కాళ్ళేగా!"

ఏడుస్తూనే నవ్వేసింది మంగాయమ్మ. మిషను దడదడలాడింది. ఆయన నొక్కారు, ఆమె బిగబట్టింది.

బొమ్మ తేటగా వచ్చింది. అంచుల తెలుపు లోపలికి పాకుతోంది. పది నిమిషాలకు మచ్చంతా తెల్లగా నిండి, అలాగే నిలిచింది. క్యాన్సర్ అలా మెల్లగా నిండి నిలవదు. అది వట్టి రక్తనాళాల ముద్ద, లివర్లో పుట్టుమచ్చ లాంటిది. దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు.

ఆ మాట హిమజే వెళ్ళి చెప్పింది. "నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ," అని దీవించింది మంగాయమ్మ. తిట్టినా బాగుండేదనిపించి హిమజకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

బయటికొచ్చి గురువు గారి వస్తువులు ఒక్కొక్కటే అందించింది. "తప్పయిపోయింది సార్."

ఆయన బెల్టు బిగించుకుంటూ అడిగారు. "ఆవిడను మొత్తం ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టమన్నాం?"

"పన్నెండుసార్లు సార్."

"నువ్వొక్కసారి బిగబట్టి ఉంటే సరిపోయేదిగా, పిచ్చిపిల్లా!"