రాజుగారి వదులు చొక్కా

ఆ గౌను అటు పెట్టు కాత్యా, ఇంకా టాకాలే వేశాను, ఊడిపోతాయి. ఏం, పట్టుకునే కూచుంటావా? సరే, నలపకు. నందూ, కాళ్ళు ముడుచుకో. ఇద్దరూ ఊ కొట్టాలి మరి. మీరు ఊ కొట్టకపోతే నా కథ మధ్యలోనే నిద్రపోతుంది.

అనగనగనగా, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ కథలు చెప్పిన రోజుల్లో, ఒక ఊళ్ళో ఒక రాజుగారు. రాజుగారికి ఒక బొజ్జ. ఆ బొజ్జంటే ఆయనకి మహా సిగ్గు. ఆ ఊళ్ళోనే పుల్లయ్యని ఒక ముసలి దర్జీ ఉండేవాడు. కొడుకు ఉత్త వెర్రిబాగులాడు, సూదిలో దారం ఎక్కించమంటే దారంలో సూది వెతికే రకం. కోడలు తాయారు మాత్రం చురుకైన పిల్ల. పుల్లయ్యకి కొలతంటే కొలతే. నూలుపోగంత కూడా ఎక్కువ పెట్టడు.

ఊ కొడుతున్నారా?

ఒకరోజు రాజుగారు పట్టుచొక్కా కుట్టమన్నారు. పుల్లయ్య కొలతదారం పట్టుకుని వెళ్ళాడు. రాజుగారేం చేశారో తెలుసా? ఊపిరి బిగబట్టి బొజ్జని లోపలికి లాగేసుకున్నారు! అచ్చం మీ తాతయ్య ఫోటోకి నిలబడ్డట్టు. పుల్లయ్య అదే కొలిచాడు, అదే కుట్టాడు.

రాజుగారు ఆ చొక్కా తొడుక్కుని సభకొచ్చారు. అప్పుడే భటులు ఒక పనసకాయ దొంగని రెక్కలు పట్టుకుని తెచ్చారు. ఎంతసేపని బిగబట్టుకుంటారమ్మా బొజ్జని? కాస్త వదిలారో లేదో, చొక్కా పీక నుంచి నడుం దాకా పట్టేసింది. మొహం కందగడ్డ అయిపోయింది. "వదులు! వదులు!" అని అరిచారు. చొక్కా వదులు చెయ్యమని ఆయన గోల. భటులేమో దొంగని వదిలేశారు! వాడు పనసకాయతో సహా పరుగో పరుగు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. తప్పంతా దర్జీదన్నారు. మూడు రోజుల్లో ఒంటికి సరిపడే చొక్కా తెస్తే సరే, లేదంటే ఇల్లూ వాకిలీ వదిలి ఊరు దాటి పొమ్మన్నారు. పుట్టి పెరిగిన ఊరు! పాపం పుల్లయ్య సూది కిందపెట్టేసి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తాయారు మామగారి ముందు కూచుని ఒక్కొక్కటే అడిగింది. దొంగెందుకు పారిపోయాడు? భటులు వదిలారు గనక. భటులెందుకు వదిలారు? రాజుగారు అరిచారు గనక. రాజుగారెందుకు అరిచారు? చొక్కా బిగిసింది గనక. చొక్కా ఎందుకు బిగిసింది? కొలత తప్పింది గనక. కొలతెందుకు తప్పింది? బొజ్జ దాక్కుంది గనక. బొజ్జెందుకు దాక్కుంది? రాజుగారికి సిగ్గేసింది గనక. అయితే ఆ సిగ్గు లేనప్పుడు కొలవాలి మామయ్యా, అంది.

వెళ్ళి రాణిగారి చెవిలో ఊదింది. రాణిగారు ఆ మధ్యాహ్నం ముద్దపప్పూ, గుత్తొంకాయా, గడ్డపెరుగూ దగ్గరుండి వడ్డించారు. రాజుగారు తిని, త్రేన్చి, ఉయ్యాలబల్ల మీద వాలి గుర్రుపెట్టారు. బొజ్జ హాయిగా బయటికొచ్చింది. రాణిగారు మెల్లిగా దారం చుట్టి, అక్కడొక ముడేసి తాయారుకిచ్చారు. ఇంక గుడ్డ. పట్టు వద్దంది తాయారు. రాజుగారి అమ్మగారి పాత నేతచీర అడిగి తీసుకుంది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీర.

మా అమ్మా అంతేరా. పాతచీర మంచం మీద పరిచి, దానిమీద మా పాత గౌను పెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీసుకుని, ఆ గీతకి బెత్తెడు అవతల కత్తిరించేది. ఆ గౌన్లలో చెట్లెక్కాం, గంతులేశాం, వాటితోనే పడుకున్నాం. ఎక్కడా పట్టేది కాదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ మెత్తదనం ఒంటికి తగులుతుంది నాకు. మా అమ్మ గుర్తొస్తుంది... ఊ, ఎక్కడున్నాం?

ఆఁ, తాయారు. కంఠం వదులు, చంక వదులు, చేతులు వదులు, నడుం వదులు. గోనెసంచీలా ఉందని పుల్లయ్య లబలబలాడాడు. మూడోరోజు రాజుగారు తొడుక్కున్నారు. చెయ్యెత్తారు, పట్టలేదు. వంగారు, పిగల్లేదు. బొజ్జంతా వదిలి ఊపిరి పీల్చుకున్నారు. ఆ గుడ్డ వాసనకి వాళ్ళమ్మ ఒళ్ళో పడుకున్నట్టనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయిట.

అప్పుడే భటులు ఆ పనసకాయ దొంగని మళ్ళీ పట్టుకొచ్చారు. రాజుగారు వాణ్ణి ఎగాదిగా చూసి, అన్నం తిని ఎన్నాళ్ళయిందని అడిగారు. వాడు వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాడు. రాజుగారు "వదులు" అన్నారు.

భటుడు ఈసారి పట్టు సడలించకుండానే, "దొంగనా, చొక్కానా మహారాజా?" అన్నాడు.

సభంతా ఒకటే నవ్వు. రాజుగారు బొజ్జ ఊగేలా నవ్వారు. ఒక్క కుట్టు పిగిలితే ఒట్టు! పుల్లయ్య ఊళ్ళోనే ఉండిపోయి, కోడలి దగ్గర మళ్ళీ పని నేర్చుకున్నాడు. దొంగకి అన్నం పెట్టించారు. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఇంటిబట్టలు ఇంట్లోనే కుట్టుకునేవాళ్ళట, అదీ అన్నం తిన్నాకే కొలుచుకుని. ఒంటికి తగ్గట్టు బట్ట కుట్టుకోవాలి గానీ, బట్ట కోసం ఒళ్ళు దాచుకుంటామా?

నందూ పడుకున్నట్టున్నాడు. కాత్యా, పొద్దున్న కొలుస్తుంటే నువ్వూ బొజ్జ లాక్కున్నావు, చూశాలే. రేపు పప్పన్నం తిన్నాక మళ్ళీ కొలుస్తాను. కింద అంచు లోపల పెద్ద మడత పెడుతున్నా. ఏడాదికి కాస్త విప్పుకుంటే నాలుగేళ్ళొస్తుంది. ఎలా విప్పాలో మీ అమ్మకి తెలుసు, దానికీ అలాగే కుట్టాను. నేనున్నా లేకపోయినా ఆ మడత ఉంటుంది. ఛ, ఏడుస్తారటే పిచ్చిదానా? ఇలా దగ్గరికి రా.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి. ఇంక వదులు, నలిగిపోతుంది. అయ్యో, నన్నెందుకు వదిలావే? వదలమన్నది గౌనుని. నన్ను పట్టుకునే పడుకో.