రాజుగారి చేతికి నప్పే బంతులు

ఒక రాజుకి పొద్దుపోవడం లేదు. మూడు బంతులు ఎగరేసి పట్టే ఆట నేర్చుకుందామనుకున్నాడు.

గారడీవాణ్ణి పిలిపించారు. అతను కొర్రలు నింపి కుట్టిన గుడ్డ బంతులు తెచ్చాడు. "గుప్పిట్లో ఒదుగుతాయి దొరా. మూడూ ఒకే బరువు. కిందపడినా దొర్లిపోవు. కొత్తల్లో పడుతూనే ఉంటాయి కదా!"

"రాజుగారి చేతిలోంచి పడటమేమిట్రా?" అన్నాడు మంత్రి.

గారడీవాణ్ణి పొలిమేర దాటించారు. బంతులు ఉంచుకున్నారు.

బంతులు పడ్డాయి. "ప్రభువులు నేలను కరుణించారు," అన్నాడు మంత్రి. సభ తలూపింది. ఆనాటి నుంచి ఆ కొలువులో బంతి పడిందన్నవాడు లేడు. నేల పుణ్యం చేసుకుందనేవారు.

తప్పు బంతులదేనని తేల్చారు. కొయ్యవి తెస్తే రాజుగారి ముక్కు వాచింది. దంతపువి జారాయి. గాజువి బాగానే ఉన్నాయి, మొదటి పూట.

చివరికి రాజు కూడలిలో ఆడి చూపించాడు. జనం ఆవులించారు.

"వీళ్లకి గుండె దడదడలాడదేం?" అన్నాడు రాజు.

"పోతే పోయేది వాళ్లది కాదుగా ప్రభూ," అన్నాడు మంత్రి. అంటూండగానే అతనికి ఒక ఆలోచన వచ్చింది.

మర్నాడు చాటింపు వేశారు. ఊళ్లోని చంటిపిల్లలకి రాజుగారి చేతుల్లో ఎగిరే భాగ్యం.

తల్లులు ఏడ్చారు. ఏడ్చాక పిల్లలకి తలంటి, బుగ్గన చుక్క పెట్టి, వరసలో నిలబడ్డారు. కొలువు మనుషులు పిల్లల్ని తక్కెట్లో తూచారు.

"మా మనవణ్ణి బరువెక్కువని తిప్పి పంపేశారమ్మా! ఉగ్గులో అంత నెయ్యి వద్దే అంటే విన్నదా కోడలు?" అని ఒక ముసలమ్మ మూతి తిప్పుకుంది.

బుట్టలల్లే ఆమె కొడుకూ, ఉప్పమ్మే ఆమె కూతురూ సరితూగారు. మూడో బిడ్డ దొరకలేదు.

బుట్టలల్లే ఆమె ముందుకొచ్చింది. "అయ్యా, ఇంత భాగ్యం మాకేనా? ఉయ్యాల్లో ఉన్న చినదొరకెందుకు తప్పాలి?"

జనం నిజమే అన్నారు. నిజంగానే అన్నారు, పాపం. ఆమె ఎత్తు వేరు. రాజూ కన్నవాడే కదా, తన బిడ్డ దాకా వస్తే ఆట మానేస్తాడనుకుంది.

రాజు నవ్వాడు. "తీసుకురండి. నా కొడుకుని నేను పట్టుకోలేనా?"

మంత్రి యువరాజుని ఎత్తుకుని పక్కన నిలబడ్డాడు. రాజు బుట్టలల్లే ఆమె కొడుకుని ఎగరేశాడు. ఉప్పమ్మే ఆమె కూతుర్ని ఎగరేశాడు. మంత్రి మూడోవాణ్ణి చేతికందించాడు.

రాజు చేతులు పైకి లేవలేదు. రెండూ కలిసి కొడుకుని గుండెకి హత్తుకున్నాయి. ఎవరూ విడిపించలేనంత గట్టిగా.

"చూశారా! ప్రభువులు పట్టారు! జారనివ్వలేదు!" అని అరిచాడు మంత్రి.

కూడలి చప్పట్లతో మారుమోగింది. ఆ తండ్రి ప్రేమ చూసి కొందరికి కళ్లనీళ్లు కూడా వచ్చాయి.

ఇద్దరు ఆడవాళ్లు మాత్రం కొంగులు చాపి, తలలు పైకెత్తి, జనాన్ని తోసుకుంటూ పరిగెడుతున్నారు.

వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. "కూచోండమ్మా, రాజుగారు కనబడటం లేదు!"