బొల్లిమేక కాచిన ఆకు కషాయం

వాగు ఒడ్డున మనుషులు వదిలేసిపోయిన జామతోట ఒకటి ఉండేది. మనుషులు వదిలేస్తే ఏం, జంతువులు వదల్లేదు. పనులు పంచుకున్నాయి. ఎద్దు మల్లన్న నీళ్లు పెడుతుంది, కోతి కాయలు కోస్తుంది, కుందేళ్లు కలుపు తీస్తాయి. నక్క కావలి కాస్తానని చెప్పి నిద్రపోతుంది. మిగిలిన పురుగుమందు పని ముసలి బొల్లిమేక నెత్తిన పడింది.

ఎందుకంటే ఆకుల సంగతి దానికే తెలుసు. పొద్దున్నే గట్ల వెంట తిరిగి ప్రతి ఆకునీ నాలుక మీద పెట్టుకునేది. మింగిందంటే మేత. థూ అని ఉమ్మిందంటే ఆ ఆకు కుండలోకి. అడ్డసరం, వావిలి, సీతాఫలం ఆకు, వాటి మీద దంచిన వేపగింజలు. అన్నీ మరగబెట్టి, చల్లార్చి, నోటితో చీపురుకట్ట పట్టుకుని పదిరోజులకోసారి చెట్టు చెట్టుకీ చల్లేది. కాయను పొడిచి గుడ్లు పెట్టే పండుఈగ ఆ కంపుకి తోట ఛాయలకు కూడా వచ్చేది కాదు.

ఈగ ఒక్కటే కాదు, ఎవరూ వచ్చేవారు కాదు. సాయంత్రం అందరూ గట్టు మీద చేరి కబుర్లాడుకునే వేళ బొల్లి వస్తే కుందేళ్లు తుమ్ములు మొదలుపెట్టేవి.

"బొల్లక్కా, ఏమీ అనుకోకు. కాస్త అటు పక్కన కూర్చో" అనేది మల్లన్న. మంచి ఎద్దే. మర్యాదగానే అనేది. అదే ఎక్కువ బాధ.

అటు పక్క అంటే కంచె. దాని వంతు కాయలు కూడా కోతి దూరం నుంచే విసిరేది. బొల్లి ఒక్కతే తినేది. అవతల నవ్వులు వినబడుతుంటే ఎందుకు నవ్వుతున్నారో తెలియక మెడ సాచి చూసేది, మళ్లీ దించుకునేది.

ఒకరోజు నక్క ముక్కు బిగపట్టి మరీ దాని దగ్గరికొచ్చింది.

"ఏమక్కా, ఒక్కదానివే ఉన్నావ్?"

"నాతో ఎవరుంటారు తమ్ముడూ!"

"నువ్వు చేసే పనికి నిన్ను నెత్తిన పెట్టుకోవాలి. అంతా ఆ కంపు తెచ్చిన తంటా. ఒక్క విడత మానేసి చూడు. బెల్లం నీళ్లలో మొగలిరేకులు వేసి చల్లు."

"మరి ఈగలో?"

"ఈగని తోలడానికి కావాల్సింది ఘాటేగా! మొగలిది మాత్రం ఘాటు కాదా?"

బెల్లం వాసనకి ఈగ ఎగబడి వస్తుందని బొల్లికి తెలియదా? తెలుసు. తోటలో దానికి తెలిసినంత ఎవరికీ తెలియదు. కానీ తనను ఎవరైనా 'అక్కా' అని పక్కన నిలబడి పిలిచి ఎన్నాళ్లైందో కూడా దానికి గుర్తులేదు. ఒక్క విడతకి ఏం కాదులే అని మనసుకి సర్దిచెప్పుకుంది.

వాగులో మునిగి, కుంకుడుకాయ నురగతో గడ్డం తోముకుంది. మొగలి నీళ్లు చల్లింది. ఆ సాయంత్రమే మల్లన్న తన పక్కన చోటు చూపించింది. కుందేలు పిల్లలు బొల్లి డొక్కకి ఆనుకుని నిద్రపోయాయి. వాటి వెచ్చదనం తగులుతుంటే అది మేత నెమరేయడం కూడా మరిచిపోయింది. మళ్లీ పదిరోజులకు కషాయం కాచే రోజు వచ్చింది. ఈ ఒక్కసారికి కూడా అనుకుని మళ్లీ మొగలి నీళ్లే చల్లింది.

ఆ వారంలో ఒక తెల్లవారుజామున చెట్ల కింద మెత్తగా ఏదో కాలికి తగిలింది. జామకాయ. పైన సూదిమొన గుచ్చినంత మచ్చ. చీల్చి చూస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. తలెత్తి చూస్తే కింద వరసంతా అలాంటి కాయలే. వాటి మధ్య నక్క కూర్చుని ఆవురావురుమంటూ తింటోంది.

"కోతి దయ లేకుండానే కడుపు నిండుతోంది" అని తనలో తను గొణుక్కుంటోంది. "పురుగుంటే ఏం, అదీ మాంసమేగా!"

చెట్టెక్కలేని నక్కకి రాలిన కాయే కావాలి. అందుకే ఈ అక్కా తమ్ముడూ వరసలన్నీ. బొల్లికి కోపం రావాల్సింది, ముందు ఏడుపొచ్చింది. నిజమని నమ్మినందుకు కాదు, అబద్ధమని తెలిసీ సంబరపడినందుకు.

పొద్దెక్కేసరికి గట్టు మీద పంచాయితీ. సగం పంట నేలపాలైంది. "తప్పు నాది. కషాయం మానేశాను" అని బొల్లి తలొంచుకుంది.

నక్క ఇదే అదనుగా ముందుకొచ్చింది. "పోనీలెండి, ముసలిది. మీరంతా వెలేసినా సరే, మా అక్క పక్కన నేనుంటాను. ఎప్పటికీ ఉంటాను."

బొల్లి తలెత్తింది. "అందరూ విన్నారుగా? మాట మీద ఉంటావా తమ్ముడూ?"

"ప్రాణం పోయినా తప్పను!"

"అయితే రా. కుండ పొయ్యి మీద పెట్టాలి. గరిటె తిప్పడానికి పక్కన ఒకరుండాలి."

అందరి కళ్లూ తన మీదే ఉంటే నక్క ఎక్కడికి జారుకుంటుంది? మధ్యాహ్నం దాకా నోటితో గరిటె పట్టుకుని తిప్పింది. ఆవిరి మొహాన కొట్టింది, బొచ్చులోకి ఇంకింది. ఈలోపు మల్లన్న గొయ్యి తవ్వితే కుందేళ్లు రాలిన కాయలన్నీ అందులో వేసి పూడ్చేశాయి. చెట్ల మీద మిగిలిన పంటకి కషాయం పడింది. ఈగ వెనక్కి తిరిగింది.

నక్క పని మాత్రం అయిపోయింది. తినడానికి రాలిన కాయ లేదు. వేటకి వెళితే, గాలి అటు వీచగానే కౌజుపిట్టలు లేచిపోతున్నాయి. వాగులో ఎన్ని మునకలేసినా బొచ్చులో కంపు వదలడం లేదు. మిగతా నక్కలు కూడా తరిమేశాయి.

డొక్కలు ఎండి, ఓ సాయంత్రం, పాత కంపుతో బొల్లి మళ్లీ ఒంటరిగా కూర్చున్న కంచె దగ్గరికొచ్చి నిలబడింది. "అక్కా, నన్నెవరూ దగ్గరికి రానివ్వడం లేదు. నీ పక్కన కూర్చోనా?"

ఈ మాట ఎవరైనా అడుగుతారని బొల్లి ఏళ్ల తరబడి ఎదురుచూసింది. అడిగింది, చివరికి, ఇదొక్కటే. గట్టు మీద కుందేలు పిల్లలు కేరింతలు కొడుతున్నాయి. బొల్లి అటు ఒకసారి మెడ సాచి చూసింది.

"వద్దు" అంది. "నాకు నేనున్నాను. పో."

నక్క తోక ముడుచుకుని వాగు దాటిపోయింది. మర్నాడు పొద్దున్నే బొల్లి ఆకుల కోసం లేచింది.

ఒంటరితనం ఎంత చేదుగా ఉన్నా, దానికి విరుగుడని తీపిమాటలు తాగకూడదు.